చెప్పిన నోరే చెప్పాలి

పొగడదిబ్బ నాచు సాగుదారుల సహకార సంఘం
దినచర్య పుస్తకం, ముప్ఫై ఒకటో సంవత్సరం
రాస్తున్నది: కార్యదర్శి దీవెనమ్మ

సోమవారం

ప్రార్థన అయ్యాక హాజరు. నలభై పేర్లు పిలిచారు. నలభైకీ జవాబు వచ్చింది.

నీళ్ళ మీద మేము కట్టుకుని ఉంటున్న మంచె మీద నిలబడి పలికిన సభ్యులు ఇరవై ఏడుగురు. మిగతా పదమూడు పేర్లకు వాళ్ళ ఇంటివాళ్ళు పలికారు.

"చిట్టెమ్మ గారు?" అని అడిగింది కాపరి.

"ఉందండి. ఉండక ఎక్కడికి పోద్ది? చుట్టూ నీళ్ళేగా!" అన్నాడు మా అధ్యక్షుడు బంగారయ్య. చిట్టెమ్మ ఆయన భార్య. పోయి ఆరేళ్ళయింది. ఆయన రోజూ ఇదే మాట అంటాడు. మేము రోజూ నవ్వుతాం.

"జక్కయ్య గారు?"

"ఉన్నాడు," అన్నాను.

జక్కయ్య నా తమ్ముడు.

కాపరి అంటే స్తంభం మీద ఉన్న పెట్టె. సమాఖ్య ప్రతి సంఘానికీ ఒకటి ఇచ్చింది. వంతులు వేసేది, నీళ్ళు పంచేది, గాలివాన కబురు చెప్పేది అదే. దానికి చెవులు ఉన్నాయి, కళ్ళు లేవు. మా అమ్మల తరం కొట్లాడి కళ్ళు తీయించింది. సభ్యుల ఒంటి మీద నిఘా పనికిరాదు, సభ్యుడి మాటే సాక్ష్యం అని నియమాల్లో రాయించుకున్నారు. అందుకే మేము ఏం చెబితే అది నమ్ముతుంది.

ఎవరైనా పోతే ఏడాది పాటు ఇంటివాళ్ళు పలకడం మా ఆనవాయితీ. ఏడాది నిండాక లేరని చెప్పి, వారసుల పేరు ఎక్కించాలి. ఆ మాట నోట రానిచ్చిన ఇల్లు ఇంతవరకూ ఒక్కటీ లేదు.

ఈ రోజు పద్నాలుగు తాళ్ళ నాచు కోశాం. ఎండ చాలలేదు. నీటి గొట్టానికి ఉన్న జల్లెడ గీకే వంతు జక్కయ్యకు పడింది. నేను వెళ్ళి గీకాను. ఆల్చిప్పలు బాగా పట్టాయి.

మంగళవారం

తూర్పు గాలి. సమాఖ్య ఏడో నంబరు జెండా ఎత్తమంది. వాయుగుండం శుక్రవారం సాయంత్రానికి మా మీదికి వస్తుందట.

పడవ శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది. మమ్మల్ని మెరకకు తీసుకెళ్తుంది. పిల్లలు అక్కడే బడిలో ఉన్నారు కాబట్టి ఆ దిగులు లేదు.

"సభ్యులు నలభై మంది. సీట్లు నలభై," అంది కాపరి.

నా మరదలు రూతమ్మ ఆరేసే పందిరి దగ్గర నుంచి వచ్చింది. చేతులకు ఇంకా నాచు ఉంది.

"మరి నాకో?" అంది.

"మీరు సభ్యులు కారు, రూతమ్మ గారూ. మీ ఇంటి సీటు జక్కయ్య గారిది. పేరు ఎక్కని తొమ్మిది మందికీ రెండో పడవ. శనివారం, గాలి ఒప్పుకుంటే."

శుక్రవారం సాయంత్రం తుఫాను. శనివారం పడవ. 

బంగారయ్యే తేలిక చేశాడు. "దానికి కళ్ళు లేవు గదా! ఖాళీ సీట్లో ఎక్కి కూచోండహే. జక్కయ్య సీటు రూతమ్మకి, మా ముసల్దాని సీటు నా కోడలు కాంతానికి. అడిగితే నేను పలుకుతాను. ఆరేళ్ళ నించీ పలకట్లేదూ?"

"ప్రయాణానికి ఎవరి గొంతు వారిదే కావాలి," అంది కాపరి. "వినగానే సీటు తెరుచుకుంటుంది."

బంగారయ్య తల గోక్కున్నాడు. "వింటున్నావా నువ్వు? ఇందాకట్నించీ చెప్పవే!"

కాపరి ఇంకా ఒక మాట అంది. పదమూడు మంది సభ్యుల సొంత గొంతు చాలా కాలంగా వినలేదని, వాళ్ళు క్షేమమో కాదో తెలియడం లేదని, రేపటి నుంచి వెతుకుతానని.

బుధవారం

తెల్లవారగానే తేలుబుడ్డి బయల్దేరింది. గుమ్మడికాయంత ఉంటుంది, నీళ్ళ మీద తనే తేలుతూ పోతుంది. తాడు తెగి కొట్టుకుపోయిన వాళ్ళను వెతకడానికి సమాఖ్య ఇచ్చింది. ఇన్నేళ్ళలో దాని అవసరం రాలేదు.

అది నీళ్ళ మీద తిరుగుతూ పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

ముందు కాపరి గొంతుతోనే పిలిచింది. ఎవరూ పలకలేదు. తరువాత గొంతు మార్చింది. ఏ పేరుకు ఇన్నేళ్ళూ ఎవరు పలికారో, ఆ పేరును ఆ గొంతుతో పిలిచింది. తెలిసిన గొంతు అయితే పలుకుతారని దాని ఆలోచన కాబోలు.

"చిట్టెమ్మా... ఉన్నావా..." నీళ్ళ మీద బంగారయ్య గొంతు.

మంచె మీద బంగారయ్య చుట్ట వెలిగించబోయి ఆగాడు. "నా గొంతు మరీ అంత గాడిదలా ఉంటదా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనే మళ్ళీ, "ఇంతలా అరిస్తే గరిటె పట్టుకుని వచ్చేది," అని, చుట్ట వెలిగించకుండానే జేబులో పెట్టుకున్నాడు.

మునిగిపోయిన పాత ఊరి మీదుగా పోయింది బుడ్డి. బడి కప్పు పైకి కనిపించే చోట కాసేపు ఆగింది. తరువాత నా గొంతు వినిపించింది.

"జక్కయ్యా... ఉన్నావా... జక్కయ్యా..."

నేను వాణ్ణి ఎప్పుడూ అలా పిలవలేదు. జక్కీ అనేదాన్ని. అయినా గొంతు నాదే. రోజూ హాజరులో నేను అన్న మాటల్లోంచి కోసి కుట్టింది. చివర కొంచెం వణుకు ఉంది. నా మాటలో వణుకు ఉందని నాకు తెలియదు.

పనిలో పడ్డాం. తాళ్ళు లోపలికి లాగి చుట్టలు చుట్టాం. పదమూడు పేర్లు వంతులవారీగా నీళ్ళ మీద తిరుగుతూనే ఉన్నాయి. కూలి పాట పాడదామని కాంతం ఎత్తుకుంది, రెండో చరణంలో ఆపేసింది.

మూడు గంటలకు కాపరి పలికింది.

"సంతోషకరమైన వార్త. జక్కయ్య గారు జవాబిచ్చారు. నీటి గొట్టం దగ్గర. మూడు సార్లు."

రూతమ్మ చేతిలోని తాడు చుట్ట జారింది. తాడు మెలికలు విప్పుకుంటూ మంచె చివరి దాకా పోయింది.

"వదినా," అంది నెమ్మదిగా. "అది పట్టీ గదా? గొట్టానికి బిగించిన పట్టీ వదులై కొట్టుకుంటందని నువ్వే చెప్పావు."

"అవును."

"ఆ మాట దానికి చెప్పు."

నేను స్తంభం వైపు చూశాను. 

రూతమ్మే స్తంభం దగ్గరికి వెళ్ళింది. "ఇదిగో, జక్కయ్య లేడు. నేను ఆయన పెళ్ళాన్ని. చెబుతున్నాను, లేడు."

"ఆయన ఉన్నారని దీవెనమ్మ గారు ఈ ఉదయం కూడా చెప్పారు," అంది కాపరి. "ఉన్నారని చెప్పిన నోరే లేరని చెప్పాలి. అది మీ సంఘం నియమం."

అది నిజమే. ఒకరి బతుకు మీద ఇంకొకరు మాట మార్చకూడదని పెట్టుకున్నాం. ఆ తీర్మానం రాసింది నేనే.

గురువారం

ఉదయం హాజరు. "జక్కయ్య గారు?" అని పిలిచింది కాపరి. రూతమ్మ నా వంకే చూస్తోంది.

"ఉన్నాడు," అన్నాను.

ఆమె చిన్న పడవ విప్పింది. "ఎక్కు," అంది. గొట్టం దగ్గరికి వెళ్ళాం. నేను తెడ్డు వేశాను. అలలు అప్పటికే పొట్టిగా, దగ్గర దగ్గరగా లేస్తున్నాయి.

గొట్టం పైకొస దగ్గర పడవ కట్టి విన్నాం. అల వచ్చి తగిలింది. కింద ఎక్కడో ఇనుము మీద ఇనుము. టక్.

"విన్నావా? అల తగిలితే కొడతంది. అంతే," అంది రూతమ్మ.

ఆ మాట అంటుండగా తేలుబుడ్డి మా పక్కకు వచ్చింది. నా పక్కనే, నా గొంతుతో, "జక్కయ్యా, ఉన్నావా," అంది.

టక్. టక్. టక్.

అప్పుడు అల లేదు. ఇది ఉన్నది ఉన్నట్టు రాయవలసిన పుస్తకం. అల లేదు.

రూతమ్మ కూడా చూసింది. ఆమె ముఖం తెల్లబోయింది. కానీ నాలా వంగి నీళ్ళలోకి చూడలేదు. నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆ రోజు ఎవరి వంతు?" అంది.

తెలిసే అడిగింది. ఆ రోజు జల్లెడ గీకే వంతు నాది. ఆదివారం. "నువ్వు ప్రార్థనకు పో పెద్దక్కా, బదులు నేను దిగుతాలే, రేపు నా వంతు నువ్వు చెయ్యి," అన్నాడు జక్కయ్య. నేను పాట అందుకున్నాను. పాట అయిపోయేసరికి తాడు పైకి వచ్చింది. మనిషి రాలేదు. వారం రోజులు వెతికాం. ఏమీ దొరకలేదు. సమాధి లేదు. అప్పటి నుంచి వాడి వంతులన్నీ నేనే చేస్తున్నాను.

"వదినా, ఒక మాట అడుగుతాను. కోప్పడకు," అంది రూతమ్మ. "మూడేళ్ళ నించీ నేనెవర్ని? పెళ్ళాన్నా, ముండమోపినా? నీళ్ళలో నడుందాకా దిగి నాచు కోస్తన్నాను. సమావేశంలో నోరెత్తితే 'సభ్యులు మాట్లాడాలి' అంటది ఆ పెట్టె. పోనీలే, అదంటే యంత్రం. నువ్వో? నా కళ్ళలో నీళ్ళు కనపడితే నా వంక చూసే చూపు ఉంది చూశావూ..."

"నేనెప్పుడూ ఏమీ అనలేదు, రూతూ."

"అనవు. ప్రార్థన చేస్తావు. 'మా జక్కయ్యను కాపాడు ప్రభువా' అని నా ఎదురుగా కూచుని చేస్తావు. నేను ఆమేన్ అనాలి. రోజుకి రెండుసార్లు."

కింద ఒకసారి కొట్టింది. మేమిద్దరం విన్నాం.

"శుక్రవారం నేను మంచె మీద ఉండిపోతే ఏం చేస్తావు? నా పేరుకి కూడా పలుకుతావా?"

ఆమె పేరు హాజరులో లేదు. పలకడానికి కూడా ఉండదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది.

వెనక్కి వస్తుండగా వాన మొదలైంది.

శుక్రవారం

పడవలో రాస్తున్నాను. చెయ్యి కదులుతోంది. అక్షరాలు బాగుండవు.

పడవ పన్నెండు గంటలకు వచ్చింది. మనుషులు నడిపేది కాదు. దాని గొంతు కూడా కాపరిదే. లోపల నలభై సీట్లు, ఒక్కోదానికి అడ్డంగా ఇనుప కమ్మీ. పేరు పిలిచి, సొంత గొంతు విన్నాక కమ్మీ పైకి లేస్తుంది. ఇరవై ఏడు లేచాయి. మేము కూర్చున్నాం. పదమూడు మూసే ఉన్నాయి. తొమ్మిది మంది మంచె మీద నిలబడి ఉన్నారు. మంచె పలకల మీదికి నీళ్ళు వచ్చాయి. రూతమ్మ చెప్పులు చేతిలో పట్టుకుంది.

"పదమూడు మంది సభ్యులు రావాలి. పడవ ఎదురుచూస్తుంది," అంది కాపరి.

అదీ నియమమే. ఇరవై ఏళ్ళ కిందట ఒక ముసలమ్మను మరిచి పడవ వెళ్ళిపోయింది. ఆ తరువాత, ఏ సభ్యుడినీ వదిలి పడవ కదలకూడదని అన్ని సంఘాలూ కలిసి రాయించుకున్నాయి. మంచి నియమం. మేము పెట్టుకున్నవన్నీ మంచి నియమాలే.

పావుగంట గడిచింది. బయట బుడ్డి తిరుగుతూనే ఉంది. చిట్టెమ్మా. జక్కయ్యా. అలలకు ఎత్తెత్తి పడుతూ పిలుస్తోంది.

"వచ్చుద్దిలే," అన్నాడు బంగారయ్య. "దానికి ఎప్పుడూ ఆలస్యమే. చీర కట్టుకోవాలి, తల దువ్వుకోవాలి..."

"మావయ్యా," అంది మంచె మీద నుంచి ఆయన కోడలు కాంతం. మోకాళ్ళ దాకా తడిసి ఉంది. 

బంగారయ్య లేచి నిలబడ్డాడు. పడవ ఊగితే కమ్మీ పట్టుకున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. పెళ్ళికొడుకులా పంచె సర్దుకున్నాడు.

"చిట్టెమ్మ లేదయ్యా," అన్నాడు. "ఆరేళ్ళయింది. జ్వరం వచ్చింది. మూడు రోజులు. నేనే కళ్ళు మూశాను."

కమ్మీ లేచింది. బయట ఆయన గొంతు పిలుపు మధ్యలో ఆగిపోయింది. చిట్టె... అని అంతే.

"వారసురాలు కాంతం గారు?"

"ఉన్నాను," అంది కాంతం. లోపలికి వచ్చి అత్త సీట్లో కూర్చుంది. బంగారయ్య ముఖం అవతలికి తిప్పుకున్నాడు.

తరువాత ఒక్కొక్కరు చెప్పారు. కొందరు గట్టిగా, కొందరు వినపడీ వినపడనట్టు. ఒక తల్లి రెండుసార్లు మొదలుపెట్టి మూడోసారి చెప్పగలిగింది. చెప్పినప్పుడల్లా బయట ఒక గొంతు తగ్గింది. నాలుగు పేర్లకు వారసులు మెరకలో బడిలో ఉన్న పిల్లలే, ఆ సీట్లు ఖాళీగానే ఉన్నాయి. పన్నెండు గొంతులు తగ్గాక ఒక్కటే మిగిలింది. నాది.

మంచె మీద కూడా ఒక్కతే మిగిలింది, రూతమ్మ.

నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను. మూడేళ్ళుగా రోజుకు రెండుసార్లు అన్న మాటలు పెదవుల దాకా వచ్చాయి. వాటిని ఆపాను. అప్పుడు ప్రార్థనగా ఏమీ మిగలలేదు. ఆ ఖాళీనే దేవుడి ముందు పెట్టాను.

"కాపరీ," అన్నాను. "జక్కయ్య లేడు."

కమ్మీ లేవలేదు.

"దీవెనమ్మ గారూ, గొట్టం దగ్గర జవాబు ఇంకా వస్తోంది. ఇప్పుడే వచ్చింది. మూడు సార్లు. అయినా లేరంటారా?"

పడవలో అందరూ నన్ను చూశారు. రూతమ్మ చూడలేదు. ఆమె నీళ్ళను చూస్తోంది. నీళ్ళు ఆమె పిక్కల మీదికి వచ్చాయి. నేను ఆగమంటే ఆగుతుందని నాకు తెలిసింది. పోనీ వదినా అని కూడా అంటుంది. మూడేళ్ళు అలాగే ఆగింది.

వాణ్ణి ఎత్తుకు పెంచాను. అమ్మ పోయినప్పుడు వాడికి రెండేళ్ళు. పిలిస్తే పలికేవాడు, ఎంత దూరాన ఉన్నా. ఒక్క కేకకు వచ్చేవాడు.

"ఎవరు జవాబిస్తున్నా సరే," అన్నాను. "నా తమ్ముడు లేడు. మూడేళ్ళ నాలుగు నెలలైంది. నా వంతుకు బదులు దిగి పోయాడు. ఆ రోజు నుంచి ఉన్నాడని చెబుతున్నది నేను. అది అబద్ధం."

బయట నా గొంతు ఆగిపోయింది. గాలి తప్ప ఏమీ లేదు. కింద టక్‌మన్నదో లేదో, ఆ గాలిలో వినపడలేదు. నేను వినాలని చూడలేదని రాస్తే అదీ అబద్ధమే. చెవి ఒగ్గాను.

కమ్మీ లేచింది.

"వారసురాలు రూతమ్మ గారు?"

"ఉన్నాను," అంది రూతమ్మ.

నా పక్క సీటే. వచ్చి కూర్చుంది. చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది. తలుపు మూసుకుంది. పడవ కదిలింది.

 తరువాత రూతమ్మ నోటి వెంట ఒక శబ్దం వచ్చింది. చిన్నది. ముందు దగ్గనుకున్నాను. మళ్ళీ వచ్చింది, ఈసారి పెద్దగా. చెప్పులు కింద పడేసి, రెండు చేతులూ గుండెల మీద కొట్టుకుంటూ, మొగుణ్ణి పేరు పెట్టి ఏడ్చింది. "ఓరి జక్కయ్యా, నన్నొదిలి పోయావురా, ఒక్క మాటైనా చెప్పకుండా పోయావురా" అని, శవం ఎదురుగా ఉన్నట్టు ఏడ్చింది. మూడేళ్ళుగా ఆమెను ఏడవనివ్వనిది నేను.

కాంతం అందుకుంది. తరువాత ఆ తల్లి. తరువాత మగవాళ్ళు. పదమూడు పేర్లు ఆ ఇరుకు పడవలో ఒకదాని మీద ఒకటి పడుతూ లేచాయి. బంగారయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు. నేను రూతమ్మ తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. తీసుకోనిచ్చింది.

కాపరి అడిగింది. "పడవలో కేకలు వినిపిస్తున్నాయి. ఎవరికైనా దెబ్బ తగిలిందా? పడవ ఆపమంటారా?"

 చివరికి బంగారయ్య కండువా తీసి, ముక్కు చీది అన్నాడు.

"దెబ్బా గిబ్బా ఏం లేదు నాయనా. మావోళ్ళు పోయారు, ఏడుస్తన్నాం. నువ్వు పోనియ్."